అమెరికాలో ఇంట్లోనే డేకేర్ నడుపుతున్నారా? ఇంటి ఖర్చులు టాక్స్‌లో ఎలా వేసుకోవాలంటే

నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతా, ఎందుకంటే ఇదే తప్పు మా సబ్‌డివిజన్‌లోనే ఇంకో ఇద్దరు చేశారు. డేకేర్ మొదలుపెట్టిన ఏడాది టాక్స్ ఫైలింగ్‌కి ఎవరో చెప్తే ఒక ప్రిపేరర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన మా ఆయన డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం ఫారం) చూశాడు, నాకు డేకేర్ మీద ఎంతొచ్చిందో అడిగాడు, "ఇంటి నుంచే కదమ్మా, సింప్లిఫైడ్ పెట్టేస్తా, ఏ గొడవా ఉండదు" అన్నాడు (అంటే అసలు ఖర్చులు చూడకుండా అడుగుకి ఇంతని వేసేసే పద్ధతి), పావుగంటలో పని అయిపోయింది, మేమూ హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చాం. మరుసటి ఏడాది నేనే కూర్చుని ఐఆర్ఎస్ (ఫెడరల్ టాక్స్ డిపార్ట్‌మెంట్) వాళ్ళ పబ్లికేషన్ 587 చదివితే తల తిరిగిపోయింది. ఆయన పద్ధతిలో ఇంటి కింద నాకొచ్చిన డిడక్షన్ (ఆదాయంలోంచి తగ్గించుకునే ఖర్చు) ఐదొందల డాలర్లు, అసలు ఖర్చుల లెక్క వేసుంటే పదివేలు దాటేది. పోనీ అమెండ్ చేద్దామా (ఫైల్ చేసిన రిటర్న్ సరిదిద్దుదామా) అంటే, ఒక ఏడాదికి సింప్లిఫైడ్ అని ఎంచుకుని ఫైల్ చేశాక ఆ ఏడాదికి ఇక మార్చుకోడానికి లేదంట. తర్వాతి ఏడాది నుంచి మారొచ్చు, పోయింది మాత్రం పోయినట్టే.

మాది టెక్సస్, ఫ్రిస్కో దగ్గర. కాబట్టి లైసెన్స్ సంగతులు ఇక్కడివే ఎక్కువ చెప్తా, ఫెడరల్ టాక్స్ రూల్స్ మాత్రం ఎడిసన్‌లో ఉన్నా ఫ్రీమాంట్‌లో ఉన్నా అందరికీ ఒకటే. మాకు స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు, మీకుంటే అది వేరే చూసుకోవాలి.

అన్నిటికంటే ముందు రెండు విషయాలు. ఒకటి వీసా. హెచ్-4 (హెచ్-1బి వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉండి ఈఏడీ (వర్క్ పర్మిట్) లేకుండా డబ్బులు తీసుకుని పిల్లల్ని చూస్తే అది పర్మిషన్ లేని పనే, టాక్స్ కట్టినంత మాత్రాన అది సరైపోదు. హెచ్-4 ఈఏడీ కూడా అందరికీ రాదు, భర్తకో భార్యకో ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యుండాలి, లేదంటే హెచ్-1బి ఆరేళ్ళు దాటి ఎక్స్‌టెన్షన్‌లో ఉండాలి. అలాగే ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మనో అత్తగారినో డేకేర్ పనిలో పెట్టకండి. "ఊరికే కూర్చునే కదా, పిల్లలకి అన్నం తినిపిస్తారు" అనుకుంటాం, కానీ వాళ్ళు చేసేది మన బిజినెస్ పని, ఇరుక్కుంటే వాళ్ళ వీసాకే ముప్పు.

రెండోది లైసెన్స్. ఇంటి ఖర్చులు వేసుకోవాలంటే మీ స్టేట్ రూల్స్ ప్రకారం లైసెన్సో రిజిస్ట్రేషనో ఉండాలి, లేదా కనీసం అప్లై చేసి ఉండాలి, లేదా మీకు అది అక్కర్లేదని స్టేట్ రూలే చెప్పాలి. అప్లికేషన్ రిజెక్ట్ అయినా, ఉన్న లైసెన్స్ తీసేసినా ఈ డిడక్షన్ పోయినట్టే. టెక్సస్‌లో బయటి పిల్లలు ముగ్గురి దాకా అయితే లిస్టెడ్ ఫ్యామిలీ హోమ్ అంటారు. రిజిస్టర్డ్ హోమ్ అయితే చిన్న పిల్లలు ఆరుగురు, స్కూల్ అయ్యాక వచ్చే పిల్లలు ఇంకో ఆరుగురి దాకా చూడొచ్చు. న్యూజెర్సీలో ఐదుగురి దాకా అయితే రిజిస్ట్రేషన్ మన ఇష్టానికే వదిలేశారు. మీ స్టేట్‌ది మీరు చూసుకోండి. పనిలో పనిగా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ ఓనర్ల అసోసియేషన్) కాగితాలు కూడా ఒకసారి తిరగేయండి, కొన్నిచోట్ల ఇంట్లో బిజినెస్సే వద్దంటారు.

ఇప్పుడు అసలు విషయం. మామూలుగా ఇంట్లో ఆఫీస్ పెట్టుకున్నవాళ్ళకి ఐఆర్ఎస్ రూల్ చాలా గట్టిది, ఆ గది బిజినెస్‌కి తప్ప ఇంక దేనికీ వాడకూడదు. డేకేర్‌కి ఆ రూల్ లేదు. పొద్దున పిల్లలు ఆడుకున్న లివింగ్ రూమ్‌లోనే రాత్రి మనం టీవీ చూసుకోవచ్చు, అయినా ఆ గది లెక్కలోకి వస్తుంది. రెగ్యులర్‌గా వాడుతుండాలి అంతే. ఇంత పెద్ద వెసులుబాటు చాలా బిజినెస్‌లకి లేదు, మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతే తెలీదు, "ఆ గదిలో మేమూ ఉంటాం కదా, వెయ్యకూడదేమో" అని వదిలేసుకుంటారు.

కాకపోతే సగం రోజు మనమే వాడుకుంటాం కాబట్టి ఎంతసేపు వాడామో కూడా లెక్కేయమంటారు. అంటే రెండు శాతాలు తియ్యాలి, ఇంట్లో ఎంత భాగం డేకేర్‌కి వాడారు, ఏడాదిలో ఎన్ని గంటలు వాడారు. ఈ రెండూ గుణిస్తే వచ్చేదాన్నే టైం-స్పేస్ పర్సెంటేజ్ అంటారు, ఇంటి ఖర్చులు చూపించే ఫారం 8829లో మొదటి భాగం మొత్తం ఇదే. ఈ ఒక్క అంకె సరిగ్గా తీస్తే మిగతా ఫారం అంతా కూడికలే, ఇది తప్పితే కింద ఎంత జాగ్రత్తగా బిల్లులు చేర్చినా తప్పే. అందుకని దీని మీదే ఎక్కువ కూర్చోండి.

ముందు చోటు. మా ఇల్లు 2,500 ఎస్‌ఎఫ్‌టీ. లివింగ్, కిచెన్, డైనింగ్, పైన గేమ్‌రూమ్, పిల్లలు మధ్యాహ్నం పడుకునే బెడ్‌రూమ్, కింద బాత్‌రూమ్, వాళ్ళ దుప్పట్లు రోజూ ఉతికే లాండ్రీ, బొమ్మలూ డైపర్లూ పెట్టే క్లోజెట్, ఇవన్నీ కొలిస్తే 1,750 వచ్చింది, అంటే 70 శాతం. మాస్టర్ బెడ్‌రూమ్ లేదు, మా ఆయన ఆఫీస్ రూమ్ లేదు, పూజ గది లేదు. గది రోజంతా పిల్లలకి తెరిచి ఉండి రోజూ వాడుతుంటే చాలు, ఆ గదిలో ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా ఉన్నారని రాసుకోనక్కర్లేదు. కానీ నెలకోసారి ఎప్పుడో వాడే గదిని లాక్కొచ్చి కలపకండి. కొలతలు బిల్డర్ ఇచ్చిన ఫ్లోర్ ప్లాన్‌లో ఉంటాయి, లేకపోతే ఒక ఆదివారం టేపు పట్టుకుని కొలుచుకోండి, అలాగే ప్రతి గదీ డేకేర్ నడుస్తున్నప్పుడు ఎలా ఉంటుందో ఫోటోలు తీసి పెట్టుకోండి, పిల్లల మొహాలు పడకుండా. రేపెవరైనా అడిగితే నోటిమాట కంటే ఫోటో నయం.

తర్వాత టైం. ఇక్కడే అందరూ పోగొట్టుకునేది. పిల్లలు 7:30కి వస్తారు, 6కి వెళ్తారు, పదిన్నర గంటలు అని రాసేసి ఊరుకుంటారు. పొద్దున ఆరున్నరకే లేచి వాళ్ళకోసం ఉప్మా కలిపేది ఎవరు? సాయంత్రం వాళ్ళు వెళ్ళాక నేల మీద అతుక్కుపోయిన అన్నం మెతుకులు గీకేది ఎవరు? వంట, క్లీనింగ్, మర్నాటికి యాక్టివిటీస్ తయారుచేసుకోవడం, కొత్త పేరెంట్స్‌తో ఇంట్లో కూర్చుని మాట్లాడటం, అటెండెన్సూ బిల్లులూ రాసుకోవడం, డేకేర్ పని కోసం ఇంట్లో గడిపిన ఈ గంటలు కూడా లెక్కకొస్తాయి. పిల్లలు ఉన్నప్పుడే చేసిన వంటని మళ్ళీ విడిగా కలపకూడదు, అది ఆ పదిన్నర గంటల్లోనే ఉంది. మన ఇంటివాళ్ళ వంట, మన బట్టలు ఉతకడం కూడా కలపకూడదు.

నాకు ఆ అదనపు పని రోజుకి గంటన్నర తేలింది. రెండు నెలలు ఫ్రిజ్ మీద క్యాలెండర్ అతికించి రోజూ రాశా, ఆ తర్వాత అలవాటై ఏడాదంతా రాశా. 2024లో డేకేర్ తెరిచింది 245 రోజులు. రోజుకి 12 గంటల చొప్పున 2,940 గంటలు. ఏడాదికి మొత్తం 8,760 గంటలు, 2024 లీపు సంవత్సరం కాబట్టి 8,784. భాగిస్తే 33.47 శాతం. దాన్ని 70 శాతంతో గుణిస్తే 23.43. అదీ నా అంకె. ఆ గంటన్నర రాయకపోయుంటే 20.5 దగ్గర ఆగిపోయేది, ఆ మూడు శాతం తేడా ప్రతి బిల్లు మీదా పడుతుంది మరి.

ఇండియా వెళ్ళొచ్చిన ఏడాది రోజులు తగ్గుతాయి, నిజాయితీగా తగ్గించి వెయ్యండి, పాస్‌పోర్ట్‌లో స్టాంపులుంటాయి. ఏడాది మధ్యలో మొదలుపెట్టినవాళ్ళు 8,760తో భాగించి నష్టపోకండి, మొదలుపెట్టిన రోజు నుంచి డిసెంబర్ 31 దాకా ఎన్ని రోజులో వాటిని 24తో గుణించి దాంతో భాగించాలి. ఆ అంకెనే ఫారంలో లైన్ 5లో రాయమని వాళ్ళ ఇన్‌స్ట్రక్షన్స్‌లోనే ఉంది. అయితే ఖర్చులు కూడా ఆ నెలలవే వెయ్యాలి, జనవరి కరెంటు బిల్లు జులైలో మొదలుపెట్టిన డేకేర్‌కి రాదు.

ఒక గదిని పూర్తిగా డేకేర్‌కే వదిలేస్తే ఇంకా మంచి లెక్క ఉంది. మా గేమ్‌రూమ్ 300 ఎస్‌ఎఫ్‌టీ, ఇంటి మొత్తంలో 12 శాతం. దాన్ని డేకేర్‌కి తప్ప ఇంక దేనికీ ముట్టుకోకపోతే ఆ 12 శాతానికి టైంతో గుణించే పనే లేదు, పూర్తిగా వస్తుంది. మిగిలిన 1,450 అడుగులు 58 శాతం, దాన్ని 33.47తో గుణిస్తే 19.41, రెండూ కలిపితే 31.41. చూశారా, 23 నుంచి 31కి వెళ్ళింది. ఇలా చేస్తే ఫారంలో మొదటి భాగం మామూలుగా నింపకూడదు, లెక్క విడిగా కాగితం మీద వేసి జతచేసి, లైన్ 7లో చివరి శాతం రాసి, దాని పైన జతచేసిన లెక్క చూడమని రాయాలి. సాఫ్ట్‌వేర్‌లు కొన్ని దీన్ని సరిగ్గా అడగవు, గమనించుకోండి.

కానీ పూర్తిగా అంటే నిజంగానే పూర్తిగా. నేను మొదట సంబరపడ్డా, తర్వాత గుర్తొచ్చింది, సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేది ఆ గేమ్‌రూమ్‌లోనే, వీకెండ్ చుట్టాలొస్తే పరుపులు వేసేదీ అక్కడే. అందుకే నేను ఆ గదిని మామూలు గదుల్లోనే కలిపేశా. కొలువు ఎక్కడ పెట్టాలన్నది ఇంటి గొడవ, మీరు తేల్చుకోండి.

ఇక ఖర్చులు. వీటిని రెండు రకాలుగా విడదియ్యాలి. ఇల్లు మొత్తానికి అయ్యేవి ఒకటి: మోర్ట్‌గేజ్ వడ్డీ, ప్రాపర్టీ టాక్స్, హోమ్‌ఓనర్స్ ఇన్సూరెన్స్, కరెంటు, గ్యాస్, నీళ్ళు, ట్రాష్, ఇంటర్నెట్, హెచ్‌ఓఏ, ఏసీ సర్వీసింగ్, సెక్యూరిటీ సిస్టమ్. వీటిమీద మన శాతం పడుతుంది. రెండోది డేకేర్ గదికి మాత్రమే అయ్యేవి, ఆ గదికి రంగు వేయించడం, అక్కడి కిటికీ బాగుచేయించడం లాంటివి. అది డేకేర్‌కే వదిలిన గదైతే మొత్తం వస్తుంది, మనమూ వాడుకునే గదైతే దానికీ టైం శాతం వేసి అంతవరకే తీసుకోవాలి. డేకేర్‌కి అసలు వాడని మాస్టర్ బెడ్‌రూమ్‌కి రంగేస్తే అది సున్నా, లాన్ కోయించిన డబ్బులు కూడా ఐఆర్ఎస్ సంబంధం లేని ఖర్చుల్లోనే చూపిస్తుంది. ఇంటికి మొదటి ల్యాండ్‌లైన్ అద్దె కూడా రాదు, ఇప్పుడు ల్యాండ్‌లైన్ ఎవరికుంది లెండి.

మోర్ట్‌గేజ్ దగ్గర ఒక మాట. నెలనెలా కట్టేదంతా వేసేస్తారు కొందరు, అది తప్పు. అందులో అసలు ఉంటుంది, అది ఖర్చు కాదు. ఎస్క్రో (టాక్సూ ఇన్సూరెన్సూ మన తరఫున బ్యాంకే కట్టే ఏర్పాటు) ఉంటే టాక్సూ ఇన్సూరెన్సూ కూడా అందులోనే ఉంటాయి, అవి మళ్ళీ విడిగా వేస్తే డబుల్ అయిపోతాయి. బ్యాంకు జనవరిలో పంపే 1098 ఫారంలో వడ్డీ ఎంతో ఉంటుంది, టాక్స్ కౌంటీ రసీదులో ఉంటుంది, ఇన్సూరెన్స్ రెన్యువల్ కాగితంలో ఉంటుంది, అక్కడి నుంచే తీసుకోండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకి ఈ తలనొప్పులేం లేవు, కట్టిన అద్దె మీద శాతం వేసుకోవడమే, కాకపోతే లీజులో డేకేర్‌కి ఓనర్ ఒప్పుకున్నట్టు ఉండాలి.

నా 2024 అంకెలు కొంచెం గుండ్రంగా చేసి చెప్తా: వడ్డీ 16,800, ప్రాపర్టీ టాక్స్ 9,600 (టెక్సస్ కదా, ఇన్‌కమ్ టాక్స్ లేదన్న ఆనందం ఇక్కడ వసూలు చేసేస్తారు), ఇన్సూరెన్స్ 3,600, కరెంటూ గ్యాసూ నీళ్ళూ ఇంటర్నెట్టూ కలిపి 5,400, హెచ్‌ఓఏ 600, రిపేర్లు 1,000. మొత్తం 37,000 డాలర్లు. 23.43 శాతం అంటే 8,669.

"మేం స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటాం కదా, వడ్డీ ఎలా వేస్తాం" అని మా వదిన అడిగింది. మంచి ప్రశ్నే. 2024లో జంటగా ఫైల్ చేసేవాళ్ళకి స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులేవీ చూపించకుండానే ఆదాయంలోంచి తగ్గించే మొత్తం) 29,200, 2025కి 31,500, మనలో చాలామంది అదే తీసుకుంటారు, అప్పుడు ఇంటి వడ్డీ, టాక్స్ వల్ల ఏ ఉపయోగం ఉండదు. కానీ డేకేర్ వంతు వడ్డీ, టాక్స్ బిజినెస్ ఖర్చు, అది స్టాండర్డ్ డిడక్షన్ తీసుకున్నా సరే 8829లో విడిగా వస్తుంది. స్టాండర్డ్ తీసుకునేవాళ్ళు వడ్డీని లైన్ 10లో కాదు లైన్ 16లో, ప్రాపర్టీ టాక్స్‌ని లైన్ 11లో కాదు లైన్ 17లో వెయ్యాలి, చేత్తో నింపేవాళ్ళు తడబడేది అక్కడే. ఐటమైజ్ చేసేవాళ్ళకి, అంటే స్టాండర్డ్ బదులు ఖర్చులు షెడ్యూల్ ఏ ఫారంలో విడివిడిగా చూపించేవాళ్ళకి, 8829లో వేసిన వంతు పోగా మిగిలిందే షెడ్యూల్ ఏలోకి వెళ్తుంది.

డిప్రిసియేషన్ (ఇల్లు ఏటా అరిగినంత విలువని ఖర్చుగా వేసుకోవడం) అనగానే అందరూ భయపడతారు. లెక్క పెద్దదేం కాదు. ఇల్లు కొన్న ధర, డేకేర్ మొదలుపెట్టిన రోజు మార్కెట్ ధర, రెండిట్లో ఏది తక్కువైతే అది తీసుకోవాలి. అందులోంచి స్థలం విలువ తీసెయ్యాలి, భూమికి డిప్రిసియేషన్ లేదు. స్థలం ఎంత, కట్టడం ఎంత అన్నది కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో మీ అడ్రస్ కొడితే విడివిడిగా చూపిస్తుంది, ఆ నిష్పత్తిలో మీ ధరని విడగొట్టుకోండి. మాది 4 లక్షల 80 వేలు, స్థలం లక్ష, కట్టడం 3 లక్షల 80 వేలు. దానిమీద 23.43 శాతం 89,034. డేకేర్ ఇంటిని 39 ఏళ్ళకి అరగదీస్తారు, అంటే పూర్తి ఏడాదికి 2.564 శాతం, 2,283 డాలర్లు. మొదటి ఏడాది మాత్రం ఏ నెలలో మొదలుపెట్టారన్నదాన్ని బట్టి తగ్గుతుంది, టేబుల్ ఫారం ఇన్‌స్ట్రక్షన్స్‌లో ఉంది.

మొత్తం కలిపితే 10,952. అదే సింప్లిఫైడ్ అయితే అడుగుకి 5 డాలర్లు, 300 అడుగులకి మించి ఒప్పుకోరు, ఎంత పెద్ద ఇల్లయినా 1,500. డేకేర్‌కి దానిమీద మళ్ళీ టైం శాతం పడుతుంది, 1,500లో 33.47 శాతం 502 డాలర్లు. ఇప్పుడర్థమైందా నా బాధ! ఒక్క సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్‌లోనే (సొంత పని లాభం మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోసం కట్టేది) నాకు ఆ 10,952 వల్ల 1,500 డాలర్ల పైన తగ్గింది, ఇన్‌కమ్ టాక్స్‌లో తగ్గింది దానికి అదనం.

డిప్రిసియేషన్ గురించి ఇంకో సంగతి. "రేపు ఇల్లు అమ్మేటప్పుడు దానిమీద టాక్స్ పడుతుందంట, మేం వేసుకోం" అని తెలివిగా మాట్లాడేవాళ్ళు ప్రతి పాట్‌లక్‌లోనూ ఒకరుంటారు. సగం నిజమే, సొంత ఇంట్లో ఐదేళ్ళలో రెండేళ్ళు ఉండి అమ్మితే జంటకి 5 లక్షల దాకా లాభం మీద టాక్స్ లేకపోయినా, డిప్రిసియేషన్ వంతుకి ఆ మినహాయింపు వర్తించదు, 25 శాతం దాకా పడుతుంది. కానీ వాళ్ళు చెప్పని సగం ఏంటంటే, మీరు వేసుకున్నా వేసుకోకపోయినా వేసుకోగలిగినంతా వేసుకున్నట్టే ఐఆర్ఎస్ లెక్కేస్తుంది. అంటే వద్దనుకున్నవాళ్ళకి ఇప్పుడు లాభం లేదు, అప్పుడు టాక్స్ తప్పదు. సింప్లిఫైడ్ తీసుకున్న ఏడాదికి మాత్రం డిప్రిసియేషన్ సున్నా కింద లెక్క, నా మొదటి ఏడాదికి మిగిలిన ఒకే ఒక్క ఓదార్పు అది. ఒక్క ఏడాదే మర్చిపోతే అమెండ్ చేస్తే సరిపోతుంది, రెండు మూడేళ్ళు వదిలేసినవాళ్ళు ఫారం 3115 (లెక్క పద్ధతి మార్చుకునే ఫారం)తో పట్టుకోవచ్చు, దానికి మాత్రం తెలిసిన సీపీఏ (లైసెన్స్ ఉన్న అకౌంటెంట్) కావాలి, నేనైతే సొంతంగా ముట్టుకోను.

ఒక పరిమితి కూడా ఉంది. ఇంటి ఖర్చులు చూపించి డేకేర్‌ని నష్టంలోకి తీసుకెళ్ళనివ్వరు. మొదటి ఏడాది ఇద్దరే పిల్లలుండి, బొమ్మలూ క్రిబ్‌లూ ఇన్సూరెన్సూ పోగా 4,000 మిగిలిందనుకోండి, స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్ళకి 8829లో 10,000 వచ్చినా ఆ ఏడాది 4,000 దగ్గరే ఆపేస్తారు. మిగిలింది పోదు, లైన్ 43, 44లలో రాసుకుని వచ్చే ఏడాదికి తీసుకెళ్ళొచ్చు. ప్రిపేరర్ మారినప్పుడు ఈ అంకె మధ్యలో మాయమైపోతుంది, పాత రిటర్న్ కొత్తాయన చేతిలో పెట్టి ఆ లైన్లు చూపించండి. సింప్లిఫైడ్‌లో ఇలా ముందుకి తీసుకెళ్ళడం కూడా లేదు.

8829లోకి రాని ఖర్చులు కొన్నున్నాయి, అవి నేరుగా షెడ్యూల్ సి (బిజినెస్ ఆదాయం, ఖర్చులు చూపించే ఫారం)లో వెయ్యాలి. పిల్లల బొమ్మలు, నాప్ మ్యాట్‌లు, సేఫ్టీ గేట్‌లు, డైపర్లు, సీపీఆర్ క్లాస్ ఫీజు, లైసెన్స్ ఫీజు, డేకేర్ లయబిలిటీ ఇన్సూరెన్స్, ఇవన్నీ డేకేర్‌కే కాబట్టి నూటికి నూరు. లయబిలిటీ పాలసీ తీసుకోలేదంటే తీసుకోండి, చాలా హోమ్‌ఓనర్స్ పాలసీలు డేకేర్‌లో జరిగినదాన్ని కవర్ చెయ్యవు. సోఫా, వాషింగ్ మెషీన్ లాంటి ఇద్దరికీ పనికొచ్చేవాటికి మళ్ళీ మన శాతమే.

తిండి ఖర్చు వేరే కథ, ఇంటి ఖర్చు కాదు గానీ చెప్పకపోతే బాగోదు. కాస్ట్‌కో బిల్లులన్నీ దాచి బియ్యంలో మన వంతెంత, పిల్లల వంతెంత అని విడదీయడం నావల్ల కాదు. ఆ గొడవ లేకుండా ఫ్యామిలీ డేకేర్ వాళ్ళకి ఐఆర్ఎస్ ఒక స్టాండర్డ్ రేటు ఇచ్చింది. 2024కి అలాస్కా, హవాయి కాకుండా మిగతా స్టేట్‌లలో బ్రేక్‌ఫాస్ట్ 1.65, లంచ్ లేదా డిన్నర్ 3.12, స్నాక్ 0.93 డాలర్లు. ఒక్కో పిల్లకి రోజుకి ఒక బ్రేక్‌ఫాస్ట్, ఒక లంచ్, ఒక డిన్నర్, మూడు స్నాక్‌ల దాకా. ఇడ్లీ పెట్టారా, పాస్తా పెట్టారా అని అడగరు. నలుగురు పిల్లలకి బ్రేక్‌ఫాస్ట్, లంచ్, రెండు స్నాక్‌లు, 245 రోజులు వేస్తే 6,497 డాలర్లు. రసీదులు అక్కర్లేదు గానీ ఏ పిల్ల ఏ రోజు ఎన్ని గంటలుంది, ఏమేం పెట్టారు అన్నది రాసుకోవాలి. మీ సొంత పిల్లలకి పెట్టింది రాదు. పెరుగన్నం డబ్బా వాళ్ళమ్మే కట్టి పంపితే ఆ లంచ్ కూడా రాదు, మనవాళ్ళలో సగం మంది డబ్బా పంపేవాళ్ళే కాబట్టి ఇది నిజాయితీగా చూసుకోండి. ప్రభుత్వం వాళ్ళ ఫుడ్ ప్రోగ్రామ్ నుంచి డబ్బులు వస్తుంటే అది పోగా మిగిలిందే ఖర్చు కింద చూపించాలి.

"క్యాష్‌లో తీసుకుంటే ఎవరికి తెలుస్తుంది" అనే సలహా కూడా వింటారు. తెలుస్తుంది. పిల్లల పేరెంట్స్ వాళ్ళ రిటర్న్‌లో చైల్డ్ కేర్ క్రెడిట్ కోసం ఫారం 2441లో మీ పేరు, అడ్రస్, నంబర్, మీకెంత ఇచ్చారో అన్నీ రాస్తారు, ఆఫీసులో డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ (పిల్లల్ని చూసుకునే ఖర్చుకి టాక్స్ లేకుండా జీతంలోంచి పక్కన పెట్టే ఖాతా) ఉన్నవాళ్ళూ రాస్తారు. వాళ్ళు డబ్ల్యూ-10 (మీ పేరు, నంబర్ అడిగే ఫారం) ఇచ్చి నంబర్ అడిగితే సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇవ్వడం ఇష్టం లేకపోతే ఐఆర్ఎస్ సైట్‌లో ఈఐఎన్ (బిజినెస్‌కి ఇచ్చే టాక్స్ నంబర్) తీసుకోండి, ఫ్రీ, పది నిమిషాల పని, డబ్బులడిగే సైట్‌ల జోలికి పోకండి. జనవరిలో ప్రతి పేరెంట్‌కీ ఏడాది మొత్తం ఎంత కట్టారో ఒక రసీదు ఇచ్చెయ్యండి, వాళ్ళు రాసేదీ మీరు చూపించేదీ ఒకటే ఉంటుంది.

కాగితాలు ఎన్నాళ్ళు దాచాలంటే, మామూలు బిల్లులు, అటెండెన్స్ రిటర్న్ ఫైల్ చేసిన దగ్గర్నుంచి కనీసం మూడేళ్ళు. ఇల్లు కొన్న క్లోజింగ్ కాగితాలు, డిప్రిసియేషన్ లెక్కలు మాత్రం ఇల్లు అమ్మిన తర్వాత కూడా మూడేళ్ళు ఉండాలి. నేను ఒక ప్లాస్టిక్ డబ్బాలో నెలకో కవరు పెట్టుకుంటా, ఫోన్‌లో ఫోటో కూడా తీసి పెడతా, థర్మల్ రసీదులు ఆరు నెలలకే తెల్లగా అయిపోతాయి.

ఇవన్నీ పోగా డేకేర్ మీద నికరంగా 400 డాలర్లు, అంతకు పైన మిగిలితే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ పడుతుంది, 15.3 శాతం. జీతంలో కోసేవాళ్ళు లేరు కాబట్టి మనమే మూడు నెలలకోసారి ముందుగా కట్టాలి, ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, మళ్ళీ జనవరి 15. ఆ జనవరి 15 సరిగ్గా సంక్రాంతి హడావుడిలో పడుతుంది, రెండేళ్ళు వరసగా మర్చిపోయి పెనాల్టీ కట్టా. ఇప్పుడు మా ఆయన ఆఫీసులో డబ్ల్యూ-4 (జీతంలో టాక్స్ ఎంత కోయాలో చెప్పే ఫారం) మార్చి ప్రతి జీతంలో కొంచెం ఎక్కువ కోయించుకుంటున్నాడు, జీతంలో కోసింది ఏడాది పొడవునా సమంగా కట్టినట్టే లెక్క కాబట్టి నేను ఆ నాలుగు తేదీలు గుర్తుపెట్టుకోవడం మానేశా.